నిశ్చితార్థమునాటి ఛాయాచిత్రములు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ముప్పదినాలుగేండ్లు పాఠశాలలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొనిన మాకు ఈ మహాసభయందు కేటాయింపబడిన విషయము ఛాయాచిత్రములను గూర్చినది. ఆహ్వానపత్రికను చూచి మా పూర్వశిష్యు డొకడు నవ్వుచు, "సార్, మీరు పంచాంగం గురించి మాట్లాడుతరనుకున్నం గని, ఫొటోల గురించా!" అనెను. వాని నవ్వు న్యాయమైనదే. ఐనను ఈ విషయమున మాకు చెప్పవలసినది కొంత కలదు. అందులో మా తప్పిద మొకటి యున్నది. దానిని కూడ దాచక చెప్పుదుము.

మొదట సభవారికి సంగతి తెలియవలెను. మన సంఘ కార్యవర్గమువారు ఈ సంవత్సరపు తీర్మానముల ముసాయిదాలో క్రొత్తగా నొకదానిని చేర్చిరి. నిశ్చితార్థమునకు పిమ్మట, వివాహమునకు ముందు, వధూవరులు బయటి ప్రదేశములకు పోయి ఛాయాచిత్రములు, చలనచిత్రములు తీయించుకొను పద్ధతిని మన కులమున నిషేధింపవలె నన్నది దాని సారము. ఇట్టి కట్టుబాట్లు అన్యత్ర లేకపోలేదు. 2019లో భోపాలు నగరమున జైన, గుజరాతీ, సింధీ సమాజముల పెద్దలు ఇట్టి నిషేధమునే చేసిరి. మన పెద్దలకు ఆ వార్తలే ప్రేరణమై యుండవచ్చును. ఈ తీర్మానము ఇప్పుడున్న రూపమున ఆమోదింపదగినది కాదని మనవి చేయుటకే మేము నిలుచుంటిమి.

పెద్దల కోపము అకారణమని మే మనము. మన పూర్వపు నల్లగొండ, పాలమూరు సీమలలో (2016, 2019 సంవత్సరముల విభజనలచే ఇవి యిప్పు డెనిమిది జిల్లాలైనవి, మా వయస్సువారి నోట మాత్రము ఇంకను రెండే) ఒకప్పుడు పూలుపండ్లనాడు పిల్లకు చీర పెట్టి, దగ్గరి చుట్టములకు భోజనము పెట్టి, లగ్నపత్రిక వ్రాయించుకొనిన సరిపోయెడిది. నేడు నిశ్చితార్థమే యొక చిన్నపెండ్లి యైనది. దానిపై ఈ షూటింగు. ఫొటోగ్రాఫరు, వాని సహాయకులు, డ్రోను నడుపువాడు, ముఖాలంకారము చేయు స్త్రీ, రెండు వాహనములు, కిరాయి దుస్తులు – ఇంతమంది కదలిన గాని పని కాదు. ఈ వ్యయ మెవ్వరిది? పెండ్లిఖర్చు ఆడపిల్లవారిదే యను పాత అలవాటుచేత, ఇదియు నెవ్వరును నోరు మెదపకయే ఆడపిల్ల తండ్రి నెత్తిపై పడుచున్నది. ఇందు కొరకు మాస్టరు వీవరువద్ద ముందస్తు సొమ్ము తెచ్చి, ఆ బాకీ తీరువరకు ఆ మగ్గమును విడువజాలక చిక్కుకొనిన నేతగానిని మే మెరుగుదుము. ఇంతకంటె మాకు కడుపు మండించునది మరొకటి: చిటికి కట్టి పట్టునకు రంగు లద్దు చేతుల యింటి పిల్ల, బారెడు తోకగల కిరాయి గౌను తొడుగుకొని గుట్టమీద నిలుచుట, అదే యింట తండ్రి మగ్గమునకు పని లేదని దిగులుపడుట.

ఇన్ని దోషము లున్నవిగదా, నిషేధించిన నేమి యందురా? మా తల్లిగారి సంగతి చెప్పెదము.

ఆమె ఆసు పోసియు, కండెలు చుట్టియు మమ్ము చదివించినది. ఆసు పోయుట యననేమో ఈ సభలోని స్త్రీలకు మేము చెప్పనక్కరలేదు. ఒక చీర నూలునకు చేయి వేలమారులు ఆడవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తమ తల్లి భుజముల నొప్పి చూడజాలకయే 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టి, 2017లో పద్మశ్రీ పురస్కార మందుకొనిరి. ఆ యంత్రము మా యింటికి వచ్చుసరికి మా తల్లి లేదు. ఆమె బ్రతికియుండగా తీయబడిన ఛాయాచిత్రము ఒక్కటే: ఓటరు గుర్తింపుపత్రము మీదిది. ఆమె పోయిననాడు దానినే పెద్దది చేయించి దండ వేసితిమి. పెద్దది చేయగా ముఖము చెదరి, కన్నులు రెండు మసకచుక్క లైనవి. మా పెండ్లి 1984లో జరిగెను. ఆనాటి ఫొటోలు పండ్రెండు మాయింట నున్నవి. ఒకదానియందును ఆమె లేదు. ఫొటోగ్రాఫరు పిలిచినపుడెల్ల ఆమె పొయ్యికడ నుండెను. పిలిచి తీసికొని రావలెనని మాకును తోచలేదు. కావున నేటి పిల్లలు తమ రూపములను పదిలపరచుకొనవలెనని తహతహలాడుట చూచి మాకు నవ్వు రాదు, కోపమును రాదు.

ఇక శాస్త్రపక్షమున చూతము. చిత్రము మనకు పరదేశపు వస్తువా? బాణాసురుని కూతురైన ఉషకు ఆమె చెలి చిత్రలేఖ రాజకుమారుల రూపములను వ్రాసి చూపగా, అందు అనిరుద్ధుని ఆమె గుర్తించినది. మాళవిక రూపమును అగ్నిమిత్రుడు మొదట చూచినది చిత్రముననే. దుష్యంతుడు శకుంతలను పోగొట్టుకొని, ఆమె చిత్రమును వ్రాసికొని దానితోనే మాటలాడెను. భవభూతి ఉత్తరరామచరితము ప్రథమాంకమున లక్ష్మణుడు అన్నవదినలకు వారి కథయే వ్రాయబడిన చిత్రములను చూపును. మిథిలలోని తమ వివాహఘట్టమును సీతారాములు ఆ చిత్రముననే మరల చూచికొందురు. దీనిని మేము ముప్పదినాలుగేండ్లు పాఠము చెప్పితిమి. ఆ యంకము చివర ఏమి జరిగినది? చిత్రములు చూచి అలసి సీత నిద్రించుచుండగా, దుర్ముఖుడు లోకుల మాట మోసికొని వచ్చును; రాముడు నిండుచూలాలిని అడవికి పంప నిశ్చయించును. చిత్రము ఆమెకు చెరుపు చేయలేదు. చేసినది "నలుగురేమనుకొందురు" అను మాట. పాఠము చెప్పిన మాకే ఈ సంగతి సమయమునకు తోచలేదని ముందు వివరింతుము.

మన హైదరాబాదు రాజ్యపు ముచ్చట యొకటి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువున రాజా దీనదయాళ్ అను సుప్రసిద్ధ ఛాయాచిత్రకారు డుండెను. ఘోషా స్త్రీలకు ఫొటో తీయించుకొను కోర్కె యున్నను పురుషుని యెదుట నిలువరాదు. అందుకై వా రేమి చేసిరి? ఫొటోలు వలదని శాసింపలేదు. 1892లో స్త్రీల కొరకే ప్రత్యేకముగా జెనానా స్టూడియో నొకదానిని నెలకొల్పి, దానిని నడుపుటకు ఒక ఆంగ్లవనితను నియమించిరి. కోర్కెను త్రోసివేయక, మర్యాదకు లోపము రాకుండ ఏర్పాటు చేసిరి. నూరేండ్లకు పైబడిన ఆ తెలివి మనకు నేడు లేకపోవలెనా?

ఇప్పుడు మా తప్పిదము. ఇది ఆ పిల్ల యనుమతితోనే, పేరు లేకయే చెప్పుచున్నాము.

ఏడేండ్ల క్రిందట మా దాయాదుల యింట ఒక పిల్లకు నిశ్చితార్థ మైనది. వరుడు చదువుకొనినవాడు, ఉద్యోగస్థుడు. కృష్ణయొడ్డున షూటింగు పెట్టుకొనిరి. మధ్యాహ్నము భోజనపు పొట్లములు ఆలస్యముగా తెచ్చెనని ఆ వరుడు ఫొటోగ్రాఫరు సహాయకుడైన పదునారేండ్ల పిల్లవానిని చెంపపై కొట్టెను. పిల్ల వలదన్నందుకు ఆమె చేతిని విదల్చివేసెను. మరుక్షణముననే కెమెరా యెదుట నవ్వుచు ఆమె భుజముపై చేయివేసి నిలిచెను. ఆమెను భయపెట్టినది ఆ దెబ్బ కంటె ఆ నవ్వేనట. మరునాడు మాయింటికి వచ్చి, "తాతా, నాకు భయమైతుంది. ఈ సంబంధం వద్దని బాపుకు నువ్వే చెప్పు" అని యేడ్చెను. అప్పటికే వారి ఫొటోలు చుట్టముల యందరి ఫోనులలోను తిరుగుచున్నవి. మే మేమంటిమి? "బిడ్డా, ఊరంత చూసిన్రు. ఇప్పుడు వద్దంటే రేపు నిన్నెవరు చేసుకుంటరు?" అంటిమి. వాగ్దానము తప్పరాదని శ్లోకమొకటి కూడ చదివితిమి. పెండ్లి జరిగెను. రెండవయేటనే చంటిబిడ్డతో ఆమె పుట్టింటికి చేరెను. ఇప్పుడు హైదరాబాదున ఉద్యోగము చేసికొనుచు బిడ్డను పెంచుకొనుచున్నది. మే మెదురుపడినపుడు మర్యాదగనే నమస్కరించును, కూర్చుండి మాటలాడదు.

ముసాయిదాను వ్రాసిన మిత్రులు, "చూచితిరా, షూటింగులవలన నిట్టి యనర్థములు" అని మా మాటనే తమకు సాక్ష్యముగ గ్రహింతురేమో. మనవి చేయుచున్నాము: ఆ దినము షూటింగు లేకపోయినచో, ఆ పిల్లకు ఆతని స్వభావము పెండ్లికి ముందు తెలిసెడిదే కాదు. మన పిల్లలలో ఒకరు షోలాపురముననో భివండిలోనో సూరతులోనో పుట్టి పెరిగినవారు, మరొకరు హైదరాబాదున చదివినవారు, ఇంకొకరు అమెరికాలో నున్నవారు. నిశ్చితార్థమునకు పెండ్లికి నడుమ ఆ యిరువురు ఉదయమునుండి సాయంకాలమువరకు ఒకచోట మెలగుట యీ ఒక్కనాడే. ఎండ, ఆకలి, ఆలస్యము, ప్రక్కవారితో పని – ఇన్నింటిలో మనిషి బయటపడును. ఆ దినము ఆమెకు మేలే చేసినది. చెరచినవి, ఆ చిత్రములను వెంటనే లోకమునకు పంచుటయు, పంచితిమి గదా యని మేము ఆమె నోరు మూయుటయు.

నిశ్చితార్థము వివాహము కాదు. వాగ్దానము వేరు, పాణిగ్రహణము వేరు, సప్తపది వేరు. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఏడవ ప్రకరణముకూడ, సప్తపది ఆచారమున్న చోట ఏడవ అడుగుతోనే వివాహము పూర్తియగునని చెప్పుచున్నది. అంతవరకు వలదనుటకు పిల్లకు గాని పిల్లవానికి గాని అడ్డము లేదు. లేని అడ్డమును ఫొటోలతో మనమే కట్టుచున్నాము. గేటువద్ద నిలువెత్తు ఫ్లెక్సీ, ఫంక్షను హాలులో పెద్ద తెరపై ఆడు పాట, అందరి ఫోనులలో చిత్రములు – ఇన్ని చూచిన పిల్ల "నాకు వద్దు" అని ఏ నోటితో ననును?

చట్టపుమాట మరొకటి గలదు. తండ్రు లిది గుర్తుంచుకొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, మూల్యమిచ్చి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు, వేరొడంబడిక లేనిచో, తీయించుకొనినవారే ప్రథమస్వాములు. ఐతే ఫొటోగ్రాఫరు చేతికిచ్చు ఒడంబడిక కాగితమున "మా ప్రచారమునకు వాడుకొందుము" అను పంక్తి చిన్నయక్షరములలో నుండవచ్చును. బయానా ఇచ్చుటకు ముందే దానిని చదివి కొట్టివేయించవలెను. సంబంధము తప్పిపోయినచో చిత్రములన్నియు ఇరువురికి అప్పగించి, తనకడ నున్నవానిని తుడిచివేయుదునని వ్రాయించుకొనవలెను. సౌమ్యముగ నడిగిన ఒప్పుకొననివా రరుదు.

గడచిన మాఘమాసమున మా మనుమరాలి వివాహము జరిగెను. వియ్యంకులు పాలమూరునుండి భివండికి వలసపోయిన కుటుంబమువారు. షూటింగు కావలెనని పిల్ల అడిగినది. ఇంటిలో తగవు రేగినది. మే మామెతో, "సరే బిడ్డా, కాని ఏర్పాటు మేము చేయుదుము" అంటిమి. ఆ పిల్ల తలపట్టుకొనెను! మేము చేసిన యేర్పాటును, అందు మేము నేర్చుకొనినదానిని, కొంత చెప్పుదుము.

మొదటి పని ఫొటోగ్రాఫరును వెదకుట కాదు, మగ్గమునకు చెప్పుట. చిటికి చీర యనగా నూలు కట్టవలె, అద్దవలె, విప్పవలె, మరల కట్టవలె, పిమ్మట నేయవలె. రెండున్నర మాసముల ముందే పోచంపల్లిలో మా బంధువుల మగ్గమున ఒక చీర వేయించితిమి. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థవారు ఉత్తమ పర్యాటకగ్రామములలో నొకటిగా నెన్నిరి. ఆ ఊరి చీర మనపిల్ల కట్టుటకు మాత్రము గౌనుకంటె తక్కువయా? పెండ్లికొడుకుతల్లి తమవంతుగా గద్వాల చీర నొకటి తెచ్చినది. నూలు ఒడలు, పట్టు అంచు, కొంగు. పిల్ల మొదట ముఖము ముడిచినది. గౌను కిరాయి, చీర వెల ప్రక్కప్రక్కన వ్రాసి చూపితిమి. "గౌను తెల్లారి వాపసు ఇయ్యాలె, చీర నీ బిడ్డ గూడ కడుతది" అని మా యిల్లాలు ఒక్కమాట యన్నది. మా లెక్కకంటె ఆ మాటయే పనిచేసినది.

స్థలము కొరకు యువకులు గోవాకును కేరళమునకును పోవుచున్నారు. మన సీమలో నేమి కొరత? సోమశిల వద్ద కృష్ణ వెనుకజలములు వరదలు వచ్చిన పిమ్మట శీతకాలమువరకు నిండుగ నుండును. ఎండకాలమున నీరు దిగి, ఆవలియొడ్డున మునిగియున్న సంగమేశ్వరాలయము బయటపడును. ఏ మాసమున పెండ్లియో చూచికొని పోవలెను. వైశాఖమున పోయి నీరు లేదని వగచిన లాభములేదు. భువనగిరి, దేవరకొండ, రాచకొండ దుర్గములు గలవు. కాని మన నల్లరాతి గుట్టలు ప్రొద్దున పదిగంటలకే కాగిపోవును. సూర్యోదయపు తొలిగంటయు, గోధూళివేళయు తప్ప తక్కిన సమయమున ముఖములపై నీడలు గుంటలు పడును. వెలుగును గూర్చి నేర్చుకొనదలచినవారు నల్లగొండచేరువ పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమును దర్శింపవలెను. అచటి గర్భగృహమున పగలంతయు కదలని స్తంభపు నీడ నిలుచును. అది ఒకే స్తంభముది కాదు. ప్రక్కలనుండి వచ్చు వెలుగును పెక్కు కంబములు అడ్డగించుటచే నేర్పడిన నీడ. నెత్తిన సూటిగపడు ఎండకంటె ప్రక్కవెలుగే ముఖమునకు మేలని మా ఫొటోగ్రాఫరుకూడ నొప్పుకొనెను. ఐతే దేవాలయము దర్శనమునకే. అచట షూటింగు మేము పెట్టలేదు.

పాలమూరు పిల్లలమఱ్ఱిని గూర్చి యొక మాట. ఏడువందల యేండ్లదని చెప్పబడు ఆ వటవృక్షపు కొమ్మ 2017లో విరిగిపడుటచే సందర్శకుల నాపివేసిరి. 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైను సీసాలతో మందెక్కించిరి. జను లెక్కి ఊగుటయు ఆ చెట్టునకు చేటే. ఫొటోకొరకు మ్రాను పై నెక్కు అలవాటు మనపిల్లలకు కూడదు. అలంపురము నవబ్రహ్మాలయములు కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నవి; అట్టిచోట వృత్తిపరముగ చిత్రీకరింపవలెనన్న ముందే యనుమతి పొందవలెను. నల్లమలలో అటవీశాఖవారి మాట వినవలెను. డ్రోనునకు 2021 నాటి నియమములు గలవు. అనుమతి ఎంత పెద్దవారికైనను తప్పదు: 2023లో హైదరాబాదున పోలీసుశాఖకు చెందిన జంట యొకటి ఠాణాయందు, శాఖ వాహనములతో తమ పెండ్లికి ముందటి దృశ్యమును తీయించుకొనగా, నగర పోలీసు కమిషనరు ఆనందుగారు వారి సంతోషమును మన్నించుచునే, అడిగియుండిన అనుమతి ఇచ్చియుండెడివాడ ననియు, ఇతరు లిట్లు చేయరాదనియు చెప్పిరి.

నీటికడ మాత్రము మన్నింపు లేదు. 2020 నవంబరులో కర్ణాటకమున తలకాడుచెంత కావేరిలో, చిత్రముకొరకు పుట్టిలో నిలిచిన వధూవరు లిరువురు మునిగి మరణించిరి. పెండ్లికి కొన్నిదినములే యుండెను. కృష్ణయందు పుట్టి యెక్కువారు, సాగరపు చెంత రాళ్లపై నిలుచువారు ఈ సంగతి మరువరాదు. ఈతకవచము చిత్రమున అందముగ లేకున్న, పుట్టి యెక్కకుండుటయే మేలు.

తుదకు మనుమరాలి షూటింగు ఎచ్చట జరిగినది? ఉదయము సోమశిల యొడ్డున గట్టుమీదనే. మరునాడు మా యూరిలో పాతయింటి మగ్గము గుంటకడ. పెండ్లికొడుకు భివండిలో పవర్లూము చప్పుడు నడుమ పెరిగినవాడు. చేతిమగ్గమున నాడె విసరుట ఆతనికి రాదు. నాలుగుమారులు విసరి, నాలుగుమారులు నూలు తెంపెను. మనుమరాలు అతుకుచు నవ్వెను. ఆ చిత్రములే వారికి అన్నింటికంటె నచ్చినవట. తీయుచుండగా మా యిల్లాలు వంటగదిలో నుండెను. మేము పోయి ఆమెను చేయిపట్టి తీసికొని వచ్చితిమి. "చేతులు పిండి చేతులు, వద్దు" అన్నది. పిండి చేతులతోనే తీయించితిమి. ఖర్చు ఇరుపక్షములు చెరిసగము పెట్టుకొంటిమి. పెండ్లికొడుకు తండ్రి మొదట వింతగ చూచి, పిమ్మట తానే ముందుగ ఇచ్చెను. సప్తపది ముగియువరకు ఒక్క చిత్రమును బయటకు పోలేదు. ఫొటోగ్రాఫరుకడ ఒక ప్రతి, పిల్లకడ ఒక ప్రతి, అంతే. పిల్లవాని స్నేహితులు కొంత అలిగిరి.

కావున ముసాయిదాకు మా సవరణ యిది. "నిషేధింపవలెను" అను మాటను తొలగించి, దానికి మారుగా, షూటింగు పెట్టుకొనుట మానుట వధూవరుల యిష్టమనియు, పెట్టుకొనినచో వ్యయము ఇరుపక్షములు సమముగ భరింపవలెననియు, ఒక్క దుస్తైనను మన సీమ మగ్గముది కావలెననియు, సప్తపదికి ముందు ఏ చిత్రమును ప్రదర్శింపరాదనియు, షూటింగు పిమ్మట పిల్లగాని పిల్లవాడుగాని సంబంధము వలదన్నచో, చిత్రములను కారణముగ చూపి యెవ్వరును వారిని బలవంతపెట్టరాదనియు చేర్చవలెను. సవరణప్రతిని కార్యదర్శిగారికి అందజేసితిమి. దీనిని బలపరచుటకు ఒకరు కావలెనట. పురుషులలో చేతు లెత్తినవారు కొందరు కనబడుచున్నారు. వారికి మా నమస్కారములు. కాని ఈ సవరణను బలపరచుటకు స్త్రీల వరుసలనుండి ఎవరైన వేదికపైకి రావలెనని కోరుచు, వారికి స్థలమిచ్చి కూర్చుండుచున్నాము.